పేరు తీసేసి జీనోమ్ ఫైల్ పబ్లిక్‌లో పెడితే మనిషి దొరికిపోతాడా?

నల్లకుంట_చదువరి అడిగిన ప్రశ్న

చిప్ మీద చేసిన డీఎన్‌ఏ పరీక్ష తాలూకు రా డేటా ఫైల్ నా దగ్గరుంది. దాదాపు 6.4 లక్షల వరుసలు, జిప్ విప్పితే 16 ఎంబీ. తెలుగువాళ్ల డేటా పరిశోధనలకి తక్కువగా దొరుకుతుందంటారు కాబట్టి దీన్ని గిట్‌హబ్‌లో (కోడ్, ఫైళ్లు అందరికీ కనబడేలా పెట్టుకునే సైట్), ఎవరైనా వాడుకునేలా హక్కులన్నీ వదిలేసే సీసీ జీరో లైసెన్స్‌తో పెడదామనుకుంటున్నాను. పేరూ మెయిలూ ఉండవు. పక్కన రీడ్‌మీ అనే వివరణ ఫైల్‌లో పుట్టిన తేదీ, హైదరాబాద్, మా కులంలో శాఖ, ఇంట్లో ఎవరికి షుగర్, ఎవరికి గుండె జబ్బు అన్నది మాత్రం రాస్తాను. అవి లేకుండా ఉత్త అక్షరాలతో పరిశోధకులు ఏం చేసుకుంటారు?

మా అన్నయ్య మాత్రం "నీ జాతకం నువ్వు గోడకి అంటించుకో, కానీ అందులో మా అందరి జాతకాలూ ఉన్నాయి" అంటున్నాడు. అల్జీమర్స్ ముప్పు చెప్పే ఏపీఓఈ జీన్ ఒక్కటి తీసేస్తాను, ఆ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. ఇంతకు మించి జాగ్రత్త కావాలా? అన్నయ్య మాటలో పస ఎంత?

హబ్సిగూడ_సీక్వెన్స్

మీ అన్నయ్యకి ఒక చాయ్ బాకీ పడ్డారు.

ముందు చిన్న విషయం. ఫైల్ లోపల పేరు లేదన్నారు, ఫైల్ పేరు చూశారా? 23అండ్‌మీ (ఇంటికి కిట్ పంపి డీఎన్‌ఏ చూసే అమెరికా కంపెనీ) డౌన్‌లోడ్ అయితే 'జీనోమ్' అన్న మాట తర్వాత ఖాతాదారు పేరు, ఇంటిపేరు, చిప్ వెర్షన్, తేదీ వరసగా ఉంటాయి. బయటి జిప్‌కి పేరు మార్చి, లోపలి టెక్స్ట్ ఫైల్‌ని అలాగే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. 2013లో హార్వర్డ్‌లో లటాన్యా స్వీనీ బృందం వాలంటీర్లు తమ జీనోమ్‌లు పబ్లిక్‌లో పెట్టే పర్సనల్ జీనోమ్ ప్రాజెక్ట్‌లో పేర్లు లేకుండా పెట్టిన ప్రొఫైళ్లు పరిశీలిస్తే, కొన్ని జిప్‌లు విప్పగానే పేర్లు కనిపించాయి. పేర్లు దొరికిన మిగతావాటిలో చాలావరకు పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్‌కోడ్ ఈ మూడింటినీ ఓటర్ల జాబితాలాంటి వాటితో కలిపి పట్టుకున్నారు. జీన్ల జోలికే పోలేదు.

మీ రీడ్‌మీ సరిగ్గా ఆ పనే చేసి పెడుతోంది. పుట్టిన తేదీ, శాఖ, ఊరు. పెళ్లి సంబంధాల బయోడేటాలో మొదటి నాలుగు వరుసలు ఏముంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ బయోడేటాలు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయో కూడా.

తర్వాత ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఇరవై వరుసలు చదవండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసల్లో ఫైల్ తయారైన తేదీ, గంట, నిమిషం, సెకనుతో సహా ఉండొచ్చు. అదే రోజు మీరు ఫేస్‌బుక్‌లో 'నా డీఎన్‌ఏ రిపోర్ట్ వచ్చేసింది' అని పోస్ట్ పెట్టి ఉంటే రెండూ కలపడం కష్టం కాదు. ఎక్సోమ్ (జీన్ల భాగం మాత్రమే), పూర్తి జీనోమ్ చేయించినవాళ్లకి ఈ గోల ఇంకా ఎక్కువ. మార్పుల జాబితా ఉండే వీసీఎఫ్ ఫైల్‌లో శీర్షిక వరుస చివర శాంపిల్ పేరు ఉంటుంది. సీక్వెన్స్ చేసిన ముక్కలుండే బ్యామ్ ఫైల్‌లో రీడ్ గ్రూప్ కింద శాంపిల్ పేరున్న ఎస్‌ఎమ్ ట్యాగ్, దానికి తోడు ప్రోగ్రామ్ నడిపిన కమాండ్ మొత్తం ఫోల్డర్ దారితో సహా రికార్డయి ఉంటుంది. ల్యాబ్‌లో ఎవరైనా ఫోల్డర్‌కి పేషెంట్ పేరు పెట్టి ఉంటే అది అక్కడే కూర్చుంటుంది.

ఇవన్నీ కడిగేశారనుకుందాం. మిగిలేది నాలుగు కాలమ్‌లు: మార్కర్ (మనిషికీ మనిషికీ అక్షరం మారే చోటు) నంబరు, క్రోమోజోమ్, స్థానం, రెండక్షరాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మార్కర్లు 30 నుంచి 80 ఉంటే చాలు, ఒక మనిషిని మిగతా అందరి నుంచి విడదీయొచ్చు. ఈ లెక్క 2004లోనే 'సైన్స్' పత్రికలో వచ్చింది. మీ దగ్గర 6.4 లక్షలున్నాయి. ఆధార్‌లో ఎనిమిదంకెలు దాచి చివరి నాలుగు చూపించినట్టు ఇక్కడ కుదరదు. ఏ మూల నుంచి గుప్పెడు తీసినా అది మీ ఒక్కరిదే అవుతుంది.

అయితే విడదీయడం వేరు, పేరు పెట్టడం వేరు. ఫైల్ చూసి పేరు చెప్పే యంత్రమేదీ లేదు. పోల్చడానికి ఇంకో ఫైల్ కావాలి. అది మీదే కానక్కర్లేదు, మీ బంధువుదైనా సరిపోతుంది. దాని గురించి కింద ఎవరైనా రాస్తారేమో చూసి, లేకపోతే నేనే రాస్తాను.

ఇక ఏపీఓఈ తీసేయడం. మీరు తీసేది ఆర్‌ఎస్429358, ఆర్‌ఎస్7412 అనే రెండు వరుసలు. డీఎన్‌ఏ డబుల్ హెలిక్స్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన జేమ్స్ వాట్సన్ కూడా తన జీనోమ్ ప్రచురించినప్పుడు ఇదొక్కటి దాచమన్నాడు. పక్క మార్కర్లను బట్టి ఆ ఖాళీలో ఏముందో ఊహించవచ్చని ఇతర శాస్త్రవేత్తలు వెంటనే ఎత్తి చూపారు, దాంతో ఆ జీన్ చుట్టూ 20 లక్షల అక్షరాల మేర తీసేయాల్సి వచ్చింది. కారణం సులువు. క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉన్న అక్షరాలు తరతరాలుగా గుంపుగా దిగుతాయి. పక్కనే ఉన్న టోమ్40 జీన్‌లో ఆర్‌ఎస్2075650, అవతలి పక్క ఆర్‌ఎస్4420638 చూస్తే అల్జీమర్స్ ముప్పు పెంచే ఈ4 రకం ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది. మీరు తీసేసిన రెండు వరుసలు ఏవో పాత ఫైల్ ఫార్మాట్‌తో పోలిస్తే కనబడతాయి కూడా. 'ఇక్కడేదో దాచాను' అని బోర్డు పెట్టినట్టు.

ఉస్మానియా_బిస్కెట్

ఇంత భయం అవసరమా అండీ? ఇరానీ హోటల్లో చాయ్ తాగి కప్పు వదిలేసి వస్తాం, మన డీఎన్‌ఏ అక్కడే ఉంటుంది. అదేమీ రహస్యం కాదు కదా. పైగా చిప్ ఫైళ్లలో జబ్బుల మార్కర్లు సగం తప్పులేనని చదివాను. తప్పుల తడక చూసి ఎవడు మాత్రం ఏం తెలుసుకుంటాడు?

జన్యుసలహా_సికింద్రాబాద్

కప్పు సంగతి ముందు. కప్పు నుంచి మీ జీనోమ్ కావాలంటే ఒక మనిషి మీ వెంట తిరగాలి, మీరు లేచిన వెంటనే కప్పు ఎత్తాలి, దాని మీది లాలాజలం తుడిచి డీఎన్‌ఏ తీయించాలి, ల్యాబ్‌కి డబ్బు కట్టాలి. అంతా చేస్తే ఒక్క మనిషిది వస్తుంది, హోటల్ కుర్రాడి డీఎన్‌ఏ కలవకపోతే. పబ్లిక్ ఫైల్ అయితే బెంగళూరులోనో బోస్టన్‌లోనో కూర్చున్నవాడు వెయ్యి ఫైళ్లు ఒక స్క్రిప్ట్‌తో లాగుతాడు, పైసా ఖర్చు లేదు, మీకు తెలియదు, పదిహేనేళ్ల తర్వాత కొత్త పద్ధతులతో మళ్లీ చదువుతాడు. కప్పు కడిగేస్తే పోతుంది.

తప్పుల విషయంలో మీరన్నది నిజమే, కానీ అది ధైర్యం చెప్పే విషయం కాదు. 2018లో ఒక క్లినికల్ ల్యాబ్ వాళ్లు రా డేటాలో కనబడ్డ మార్పులను సరైన పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే 40 శాతం అసలు లేనే లేవు. అరుదైన మార్పుల దగ్గర చిప్ తడబడటం ఎక్కువ, ఎందుకంటే మార్పున్న, మార్పులేని సిగ్నళ్లను విడదీసి చూపడానికి దానికి తగినన్ని నమూనాలు దొరకవు. ఇప్పుడు ఆలోచించండి. మీ ఫైల్‌లో బీఆర్‌సీఏ1 జీన్ దగ్గర ఒక తప్పు అక్షరం ఉంది. అది పబ్లిక్‌లో ఉంది. మీ చెల్లెలికి సంబంధం చూస్తున్నవాళ్ల తరఫున ఎవరో ఉచిత వెబ్‌సైట్‌లో ఆ ఫైల్ పెట్టి 'రొమ్ము క్యాన్సర్ ముప్పు' అన్న ఎర్ర గీత చూశారు. అది తప్పని నిరూపించే భారం ఎవరి మీద పడుతుంది? పరీక్షకి వెళ్లాల్సింది ఆవిడే. ఎదురు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. హంటింగ్టన్స్‌లాంటి జబ్బులో సీఏజీ అనే మూడక్షరాలు ఎన్నిసార్లు తిరిగి వచ్చాయన్నది లెక్క, మామూలు చిప్ దాన్ని కొలవదు. కాబట్టి ఫైల్‌లో ఏమీ కనబడలేదంటే ఏమీ లేదని కాదు.

ఇప్పుడు అన్నయ్య అన్న జాతకాల మాట. తోబుట్టువులతో మీకు సగటున సగం డీఎన్‌ఏ ఉమ్మడి. అమ్మానాన్నలతో, పిల్లలతో కచ్చితంగా సగం. మేనకోడలితో పావు. ఇది సగటు లెక్కే అయినా కొన్నిచోట్ల సందేహమే ఉండదు. ఒక జబ్బు రెండు జీన్లూ పాడైతేనే వచ్చే రకం అనుకోండి, తలసీమియా లాంటిది. మీ ఫైల్‌లో ఆ స్థానంలో రెండక్షరాలూ పాడైనవే ఉంటే మీ అమ్మా నాన్నా ఇద్దరూ కనీసం క్యారియర్లే (పాడైన జీన్ ఒకటి మోసేవాళ్లు), మీకు పుట్టే ప్రతి బిడ్డా కనీసం క్యారియరే. వాళ్ల శాంపిల్ ఎవరూ తీసుకోలేదు, వాళ్లని ఎవరూ అడగలేదు. ఫలితం మాత్రం వచ్చేసింది.

మన దగ్గర మేనరికాలు ఉన్నందువల్ల ఇంకో పొర ఉంది. అమ్మానాన్నలు బావామరదళ్లయితే బిడ్డ జీనోమ్‌లో సుమారు 6.25 శాతం, మేనమామ మేనకోడలైతే 12.5 శాతం భాగం రెండు వైపులా ఒకేలా ఉంటుంది. లైంగిక క్రోమోజోములు తీసేస్తే జీనోమ్ 288 కోట్ల అక్షరాలనుకుంటే, మొదటిది దాదాపు 18 కోట్లు, రెండోది 36 కోట్లు. ఈ పొడవాటి ఒకేలాంటి గీతల్ని లెక్కపెట్టే పని ప్లింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్క కమాండ్‌తో, నిమిషంలోపే చేస్తుంది. మేనరికం సిగ్గుపడే విషయం కాదు, నిజమే. కానీ మీ అమ్మానాన్నల పెళ్లి ఎలాంటిదో ఊరికి చెప్పే హక్కు మీ ఫైల్‌కి ఎవరిచ్చారు? పైగా 'మాకు చుట్టరికమే లేదు' అని ఇంట్లో చెప్పిన చోట ఈ గీతలు వేరే మాట చెబితే ఇంకో రకం గొడవ.

శాఖ రాస్తే జరిగేదానికి ఒక ఉదాహరణ. వైశ్యుల్లో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతా గుంపుల కంటే వంద రెట్లు ఎక్కువని 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన పత్రం చెబుతుంది. అందులో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు కూడా ఉన్నారు. ఈ లోపం ఉన్నవాళ్లకి మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్‌కోలిన్ వాడితే కండరాలు గంటల తరబడి తిరిగి పనిచేయవు, ఊపిరి యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. చాలా పనికొచ్చే సమాచారం. చెప్పాల్సింది ఆపరేషన్‌కి ముందు అనస్థీషియా డాక్టరుకి. ఇంటర్నెట్‌లో పెడితే అది రెండు వైపులా పనిచేస్తుంది: శాఖ తెలిస్తే లోపం ఊహించవచ్చు, లోపం కనబడితే శాఖ ఊహించవచ్చు.

హబ్సిగూడ_సీక్వెన్స్

బంధువుల ద్వారా పేరు పట్టుకోవడం గురించి అన్నాను కదా. అమెరికాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరుస హంతకుడి కేసులో 2018 ఏప్రిల్‌లో జోసెఫ్ జేమ్స్ డీఆంజెలో దొరికింది ఇలాగే. అతను ఏ సైట్‌కీ శాంపిల్ ఇవ్వలేదు. డీఎన్‌ఏ ఫైళ్లు పెట్టి చుట్టాల్ని వెతుక్కునే జీఈడీమ్యాచ్ సైట్‌లో దూరపు బంధువులు పెట్టిన ఫైళ్ల నుంచి వంశవృక్షం గీసుకుంటూ వచ్చారు. అదే ఏడాది యానివ్ ఎర్లిక్ బృందం 12.8 లక్షల మంది డేటాలో వెతికితే, యూరోపియన్ మూలాలున్నవారిలో 60 శాతం మందికి ముత్తాత తండ్రి దగ్గర కలిసే బంధువు, లేదా అంతకంటే దగ్గరివాళ్లు దొరికారు. ఒక జనాభాలో 2 శాతం మంది డేటా ఉంటే దాదాపు అందరికీ అలాంటి బంధువు దొరుకుతాడని వాళ్ల అంచనా.

దీన్ని మనకి యథాతథంగా అంటించకూడదు. శాఖలోనే పెళ్లిళ్లు జరిగే చోట అందరూ అందరికీ ఎంతో కొంత బంధువులే. దానివల్ల సాఫ్ట్‌వేర్ దూరపు చుట్టాన్ని దగ్గరి చుట్టంగా చూపిస్తుంది, 'ఇదిగో మూడో తరం' అని చూపించేవాళ్లు నిజానికి ఆరు తరాల అవతల నాలుగు వైపుల నుంచి కలిసినవాళ్లు కావచ్చు. కాబట్టి ఒక్క మనిషి దగ్గరికి రావడం వెతికేవాడికి కష్టం. కానీ శాఖ, ప్రాంతం దాకా రావడం తేలిక. ఆ తర్వాత పని మీ రీడ్‌మీ చేస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ పెదనాన్నగారి మనవరాలు సరదాగా కిట్ కొని ఉంటే ఈ కష్టం కూడా ఉండదు.

ఇంటిపేరు మాట ఒకటి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి రెండు, వై క్రోమోజోమ్, ఇంటిపేరు. 2013లో మెలిస్సా జిమ్రెక్ తదితరులు వై క్రోమోజోమ్‌లో తిరిగి తిరిగి వచ్చే చిన్న ముక్కల్ని వంశావళి సైట్లలోని ఇంటిపేర్లతో పోల్చి, పేర్లు లేని పబ్లిక్ జీనోమ్‌ల వెనకున్న దాదాపు 50 మందిని గుర్తుపట్టారు. చిప్ ఫైల్‌లో ఆ ముక్కలుండవు. పూర్తి జీనోమ్‌లో ఉంటాయి. అది పెట్టాలనుకునే మగవాళ్లు కనీసం వై క్రోమోజోమ్ మొత్తం తీసేయాలి.

చట్టం_లక్డీకాపూల్

చట్టం వైపు నుంచి ఒక్క విషయం మీద ఆగి చూడండి, ఎందుకంటే ఇది తెలియక చాలామంది 'తర్వాత తీయించుకోవచ్చులే' అనుకుంటారు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సెక్షన్ 3(సి)(ii): తన వ్యక్తిగత డేటాను ఆ మనిషే బహిరంగంగా అందుబాటులో పెడితే, ఆ డేటాకి ఈ చట్టం వర్తించదు. అంటే అదే ఫైల్ ఒక కంపెనీ దగ్గర మీ సమ్మతితో ఉంటే, సమ్మతి వెనక్కి తీసుకుని తుడిచేయమని అడిగే హక్కు ఈ చట్టం కింద మీకుంటుంది. (నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది 18 నెలల తర్వాత.) మీరే గిట్‌హబ్‌లో పెట్టేశాక ఎవరో దించుకుని వాడితే ఆ తలుపు మీ చేత్తో మీరే మూసినట్టు. పాత 2011 ఐటీ నియమాల్లోనూ ఇదే: వైద్య రికార్డులు, బయోమెట్రిక్ సమాచారం సున్నితమైనవని మూడో నియమం చెబుతూనే, బహిరంగంగా దొరికేదాన్ని అందులోంచి మినహాయించింది.

మీ అన్నయ్య డేటా మాటేమిటి? ఆయన ఏదీ పెట్టలేదు కాబట్టి పై మినహాయింపు ఆయనకి అంటదు అని వాదించవచ్చు. కానీ ఒకరి ఫైల్ నుంచి ఇంకొకరి గురించి లెక్కగట్టిన సమాచారం ఎవరిది అన్నదానికి చట్టంలో సూటిగా జవాబు లేదు. అమ్మగారి ఫైలో పిల్లల ఫైలో మీరు పెడితే మాత్రం సందేహం లేదు, అది వాళ్లు పెట్టింది కాదు.

సీసీ జీరో అన్నారు. అది వెనక్కి తీసుకోలేనిది. గిట్‌హబ్‌లో మీ ఫోల్డర్ (రిపో) తీసేసినా అప్పటికే దించుకున్నవాడి చేతిలో అనుమతి అలాగే ఉంటుంది.

ఇన్సూరెన్స్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, గుండె కండరం మందమయ్యే జబ్బున్న ఒకరి కేసులో, 'జన్యు సంబంధ జబ్బులు' అని గంపగుత్తగా మినహాయించడం చెల్లదంది. తర్వాతి నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా కంపెనీలకి ఆ మేరకు ఆదేశమిచ్చింది. అది ఆరోగ్య బీమా మాట. అమెరికాలో 2008 నుంచి ఉన్న, జన్యు వివక్షని అడ్డుకునే జీనా లాంటి ప్రత్యేక చట్టం మనకి లేదు. ఆ జీనా కూడా ఆరోగ్య బీమా, ఉద్యోగాల వరకే, జీవిత బీమాని ముట్టుకోదు.

నల్లకుంట_చదువరి

అందరికీ నమస్కారం. ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఫైల్ నాలుగు రోజుల కిందటే పబ్లిక్ రిపోలోకి పుష్ చేసేశాను (ఎక్కించేశాను), ప్రశ్న తర్వాత అడిగాను. రీడ్‌మీ ఇంకా పెట్టలేదు. ఇప్పుడు రిపోని ప్రైవేట్ చేస్తే సరిపోతుందా, డిలీట్ చేయాలా?

కమిట్_మాదాపూర్

ఈ పేరాలోవి చూసుకున్న వెంటనే ప్రైవేట్ చేయండి, మిగతా పోస్ట్ చదవకముందే. ప్రైవేట్ చేశాక ఉచిత ఖాతాలో ఈ వివరాలు కనబడకపోవచ్చు, అందుకే ఇవి ముందు; డిలీట్ తర్వాత. రిపోలో ఇన్‌సైట్స్, అందులో ట్రాఫిక్ పేజీ తెరవండి. గత 14 రోజుల్లో ఎన్ని క్లోన్లు (దించుకున్న కాపీలు), ఎంతమంది వేరువేరుగా క్లోన్ చేశారు అన్నది ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండి, రిపో పోతే ఆ అంకె కూడా పోతుంది. పక్కనే ఫోర్క్స్ (ఇతరులు తమ ఖాతాలో పెట్టుకున్న కాపీలు) జాబితా చూడండి. ఎవరైనా ఫోర్క్ చేసి ఉంటే మీది ప్రైవేట్ చేసినా, డిలీట్ చేసినా, వాళ్లది పబ్లిక్‌గా అలాగే నిలబడుతుంది. వాళ్లకి నేరుగా రాసి తీయమని అడగడమే దారి.

రిపోలో ఇదొక్క ఫైలే ఉంటే మొత్తం డిలీట్ చేయండి. వేరే పని కూడా ఉంటే, ఫైల్ తీసేసి కొత్త కమిట్ చేయడం (ఆ మార్పుని చరిత్రలో నమోదు చేయడం) పనికిరాదు, పాత కమిట్‌లో ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. గిట్ ఫిల్టర్-రెపో అనే సాధనంతో ఆ ఫైల్ దారిని చరిత్రంతటి నుంచీ తీసేయాలి, అన్ని బ్రాంచ్‌లూ ట్యాగ్‌లూ ఫోర్స్ పుష్ చేయాలి, ఆ తర్వాత గిట్‌హబ్ సపోర్ట్‌కి రాసి పాత కమిట్‌ల కాపీలు, పుల్ రిక్వెస్ట్‌లలో మిగిలిన లింకులు తుడవమని అడగాలి. చివరిది మర్చిపోతే పాత కమిట్ నంబరు తెలిసినవాడు ఇంకా తెరవగలడు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చూసుకోరు. ఫైల్‌లో పేరు లేదు, కమిట్‌లో? గిట్ ప్రతి కమిట్‌కీ మీ కంప్యూటర్‌లో సెట్ చేసిన పేరు, మెయిల్ అతికిస్తుంది. బ్రౌజర్‌లో కమిట్ చిరునామా చివర చుక్క పెట్టి ప్యాచ్ అని టైప్ చేస్తే మెయిల్ ఐడీతో సహా పైవరుసల్లోనే కనబడుతుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ నుంచి పుష్ చేసి ఉంటే ఆఫీస్ మెయిల్. సెట్టింగ్స్‌లో మెయిల్ దాచే ఆప్షన్ ఉంది, కానీ పాత కమిట్లకి అది పట్టదు.

డిలీట్ అయ్యాక పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో, సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లో మీ రిపో చిరునామా పెట్టి వెతకండి. రెండోది పబ్లిక్ రిపోలను తనంతట తానే దాచుకుంటుంది. రెండిటికీ తీసేయమని రాయడానికి మార్గముంది. వెతకడం చిరునామాతోనే, లేదా ఫైల్ పేరుతోనే. 'నా డేటా ఎక్కడైనా ఉందా' అని ఫైల్‌లోని వరుసల్ని సెర్చ్‌లోనో ఏఐ చాట్‌లోనో పేస్ట్ చేయకండి, ఇంకో కాపీ మీరే తయారు చేసినట్టవుతుంది.

నల్లకుంట_చదువరి

ఫోర్క్‌లు సున్నా. క్లోన్లు 11, వేరువేరుగా 7. కమిట్‌లో జీమెయిల్ ఉంది, అందులో నా పూర్తి పేరు ఉంది. రిపో డిలీట్ చేశాను.

కమిట్_మాదాపూర్

ఆ ఏడుగురిలో చాలావరకు బాట్లే అయ్యుంటాయి. కొత్త పబ్లిక్ రిపో పడగానే పాస్‌వర్డ్‌లు, కీలు దొరుకుతాయేమోనని వచ్చి క్లోన్ చేసి పోయేవి బోలెడు. అందరూ బాట్లేనని మాత్రం ఎవరూ తేల్చలేరు. కాపీ బయట ఉందనే లెక్కలో నడవండి.

హబ్సిగూడ_సీక్వెన్స్

అవును, జీమెయిల్‌తో సహా బయట ఉందనే అనుకోవాలి. ఆ రీడ్‌మీ పెట్టకపోవడం మాత్రం మంచి పని. ఆ డ్రాఫ్ట్‌ని ఇక వేరే ఎక్కడా, ఏ ఫోరమ్‌లోనూ అదే మాటల్లో వాడకండి. ఇదే ఫైల్‌ని వంశావళి సైట్లలో ఏదైనా పెట్టి ఉంటే అక్కడికీ వెళ్లి చూడండి. జీఈడీమ్యాచ్‌లో ఒక్కో కిట్‌కీ పబ్లిక్, రీసెర్చ్, ప్రైవేట్ అని స్థాయిలుంటాయి, పబ్లిక్‌లో మళ్లీ పోలీసులకి చూపాలా వద్దా అన్నది వేరే ఎంపిక. బంధువుల్ని చూపించే సదుపాయం ఏ సైట్‌లో ఉన్నా రెండంచెల లాగిన్ పెట్టండి. 2023లో 23అండ్‌మీలో చొరబడినవాళ్లు పాత పాస్‌వర్డ్‌లతో తెరిచింది దాదాపు 14,000 ఖాతాలే. బంధువుల జాబితాల ద్వారా లాగింది 69 లక్షల మంది వివరాలు. ఆ కంపెనీయే 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, డేటా మొత్తం అమ్మకంలో చేతులు మారింది. నమ్మి ఇచ్చిన చోటు కూడా అలాగే ఉండిపోదు.

పరిశోధనకి ఇవ్వాలన్న కోరిక తప్పేం కాదు, దారి మార్చండి. తెలుగువాళ్ల జీనోమ్‌లు పబ్లిక్‌లో అసలు లేకపోలేదు. 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్‌లో యూకేలో ఉన్న తెలుగువాళ్లు 102 మంది ఐటీయూ అన్న పేరుతో ఉన్నారు, వాళ్ల జబ్బుల వివరాలు, వయసు జోడించలేదు. భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్‌ఇండియా ప్రాజెక్ట్‌లో సీసీఎంబీ కూడా భాగం. ఆ డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది, ఎవరికి పడితే వాళ్లకి కాకుండా దరఖాస్తు, ఒప్పందం మీద ఇస్తారు. ఇలా అడిగి తీసుకునే పద్ధతిలో సమ్మతి పత్రం ఇచ్చి శాంపిల్ తీసుకునే అధ్యయనంలో చేరితే మీ డేటాతో పాటు మీ ఆరోగ్య వివరాలూ పనికొస్తాయి. సమ్మతి పత్రంలో మూడు చూడండి: డేటా ఎవరితో పంచుకుంటారు, తప్పుకుంటానంటే ఏం తుడుస్తారు ఏం తుడవరు, అనుకోని ఫలితం కనబడితే మీకు చెబుతారా.

ఒకే ఒక్క అరుదైన మార్పు గురించి లోకానికి చెప్పాలనుకుంటే, పరీక్ష చేసిన ల్యాబ్‌ని జన్యు మార్పుల్ని, వాటి జబ్బుల్ని నమోదు చేసే క్లిన్‌వార్ డేటాబేస్‌లో వేయమని అడగొచ్చు. అక్కడికి వెళ్లేది ఆ మార్పు, దాని జబ్బు పేరు. మిగతా 6.4 లక్షల వరుసలు కావు.

ఫైల్‌ని ఇంట్లో దాచుకోవడానికి 7-జిప్‌లో 7జెడ్ ఫార్మాట్, ఏఈఎస్-256, 'ఫైల్ పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేయి' అన్న గడిలో టిక్. మామూలు జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టినా లోపలి ఫైల్ పేరు పాస్‌వర్డ్ లేకుండానే కనబడుతుంది, ఆ పేరులో ఏముంటుందో పైన రాశాను.

అన్నయ్యకి ఈ రాత్రే చెప్పండి. క్షమాపణ కంటే ఆయనకి పనికొచ్చేది ఇది: ఇకముందు ఆయన గానీ, పిల్లలు గానీ సొంత పేరుతో ఏ వంశావళి సైట్‌కైనా శాంపిల్ ఇస్తే, బయట తిరుగుతున్న మీ ఫైల్‌కి ఇంటిపేరు అక్కడ దొరుకుతుంది. ఎదురు దిశలో, మీ ఫైల్ చూసి ఆయన గురించి సగం ఊహించవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది తెలిసే నిర్ణయించుకుంటారు. డాలస్ బంధువులుంటే వాళ్లకీ ఇదే మెసేజ్.